ఇంటూ పెట్టడం వస్తే బొమ్మ వస్తుంది: నోనోగ్రామ్ పజిల్‌ను ఊహతో కాకుండా లెక్కతో పూర్తిచేసే పద్ధతి

మా అమ్మ ముగ్గుల నోటుపుస్తకంలో ప్రతి ముగ్గు పైనా ఒక లైను రాసి ఉంటుంది: "11 చుక్కలు, సందు చుక్క, 6 వరకు". అంతే. ఆ లైను చూసుకుని సంక్రాంతి నెలలో తెల్లవారకముందే వాకిలంతా ముగ్గు దించేస్తుంది. చుక్కలు సరిగ్గా పడితే గీత ఎటు తిరగాలో చుక్కలే చెబుతాయంటుంది. నోనోగ్రామ్ పజిల్ మొదటిసారి చూసినప్పుడు నాకు ఆ నోటుపుస్తకమే గుర్తొచ్చింది. ఇక్కడా చేతిలో ఉండేవి అంకెలే. వాటిలోంచే బొమ్మ రావాలి.

నేనుండేది విజయనగరం, ఉద్యోగం శ్రీకాకుళంలో. రోజూ రైల్లో నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి, పొందూరు మీదుగా శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ దాకా ప్రయాణం. ఈ పజిళ్ళు ఆ ప్రయాణాల్లోనే నేర్చుకున్నాను. కిందటి వేసవి సెలవుల్లో మా మేనల్లుడికి నేర్పాను. వాడు ఎక్కడెక్కడ ఆగిపోయాడో పక్కన కూర్చుని చూశాక, ఏది ముందు చెప్పాలో, ఏది తర్వాత చెప్పాలో నాకు బాగా తెలిసింది. అదే క్రమంలో ఇక్కడ రాస్తున్నాను.

ఈ పజిల్ పుట్టుక జపాన్‌లో. 1987లో నోన్ ఇషిదా అనే గ్రాఫిక్స్ ఎడిటర్, ఎత్తైన భవనం కిటికీల్లో కొన్ని లైట్లు వెలిగించి, కొన్ని ఆర్పి బొమ్మలు తయారుచేసి టోక్యోలో ఒక పోటీ గెలిచింది. ఆ ఆలోచనే మరుసటి ఏడాది కాగితం మీద గళ్ళ పజిల్‌గా అచ్చయింది. తెత్సుయా నిషియో అనే ఆయన కూడా అదే కాలంలో విడిగా ఇలాంటి పజిల్ కనిపెట్టాడు. 1990లో ఇంగ్లండ్‌లో సండే టెలిగ్రాఫ్ పత్రిక వీటిని వారం వారం వేయడం మొదలుపెట్టింది. నోనోగ్రామ్ అనే పేరు నోన్ ఇషిదా పేరు మీదుగా వచ్చిందే. 1995లో నింటెండో దీన్ని పిక్రాస్ పేరుతో వీడియో గేమ్ చేసింది, అందుకే కొందరు ఆ పేరుతో కూడా పిలుస్తారు. పేరు ఏదైనా ఆట ఒకటే.

నియమం ఒక్కటే

గళ్ళ పలకకు ఎడమ పక్కన అడ్డు వరుసల అంకెలు, పైన నిలువు వరుసల అంకెలు ఉంటాయి. ఒక వరుసకు "4 1" అని ఉంటే, ఆ వరుసలో ఎక్కడో వరసగా నాలుగు గళ్ళు నలుపు, ఆ తర్వాత కనీసం ఒక ఖాళీ, ఆ తర్వాత ఎక్కడో ఒక్క గడి నలుపు. క్రమం మారకూడదు. రెండు గుంపులు ఒకదానికొకటి తగలకూడదు. మధ్య ఖాళీ ఒకటైనా కావచ్చు, నాలుగైనా కావచ్చు. ఆ సంగతి అంకెలు చెప్పవు, మనం కనుక్కోవాలి.

లెక్కల గళ్ళ నోటు, పెన్సిలు, రబ్బరు చాలు. పెన్ను వద్దు. మొదట్లో నేను పెన్నుతో చేసేవాణ్ణి. గరివిడి దగ్గర వేసిన ఒక తప్పు గడి పొందూరు దాటాక బయటపడేది. అప్పటికి పేజీ అంతా నల్లబడిపోయి, ఏది సరైనదో ఏది తప్పో విడదీయలేక వదిలేసేవాణ్ణి.

గడికి మూడు స్థితులు ఉంటాయి. నలుపు అని తెలిసినది ■. ఖాళీ అని తెలిసినది ×, అంటే ఇంటూ. ఇంకా తెలియనిది □. కొత్తవాళ్ళు మొదటిదే రాస్తారు, రెండోది వదిలేస్తారు. నా లెక్కలో ఈ పజిల్‌లో సగం పని ఇంటూలదే. ఎందుకో ఈ చిన్న పజిల్‌లోనే చూడండి.

మొదటి పజిల్, అడుగడుగునా

ఏడు అడ్డు వరుసలు, ఏడు నిలువు వరుసలు.

అడ్డు వరుసలు, పై నుంచి కిందికి: 1 / 2 / 3 / 4 / 1 / 7 / 5
నిలువు వరుసలు, ఎడమ నుంచి కుడికి: 1 / 2 / 2 / 7 / 3 2 / 2 2 / 1 1

పెన్సిలు పెట్టకముందు ఒక లెక్క చూసుకోండి. అడ్డు వరుసల అంకెలన్నీ కూడితే 23. నిలువు వరుసలవి కూడితే అదీ 23. రెండూ సమానం కాకపోతే అది అచ్చుతప్పు, ఎంతసేపు కూర్చున్నా ఆ పజిల్ తేలదు. అర నిమిషం పడుతుంది గానీ, ఎక్కడి నుంచైనా ఎత్తి రాసుకున్న పజిల్ అయితే ఈ లెక్క తప్పకుండా చేయండి.

ఇప్పుడు నిండుగా ఉన్న వరుసలు వెతకండి. నాలుగో నిలువు వరుసకు 7, ఉన్నవి ఏడు గళ్ళే. మొత్తం నలుపు. ఆరో అడ్డు వరుసా అంతే.

వెంటనే ఇంటూలు మొదలవుతాయి. మొదటి అడ్డు వరుసకు 1 మాత్రమే. నాలుగో గడి ఇప్పటికే నలుపు, కాబట్టి మిగిలిన ఆరు గళ్ళకూ ఇంటూ. ఐదో అడ్డు వరుసకూ 1, అక్కడా అంతే. మొదటి నిలువు వరుసకు 1, అది ఆరో అడ్డు వరుసలో పడిపోయింది, మిగతా వాటికి ఇంటూ.

ఇక్కడ మా మేనల్లుడు ఇంటూలు పెట్టకుండా ముందుకు వెళ్ళబోయి ఆగిపోయాడు. "రెండో నిలువు వరుసకు 2 ఉంది మావయ్యా, ఆరో గడి నలుపే, కానీ రెండోది పైనా, కిందా?" అని అడిగాడు. "ఐదో వరుసలో ఇంటూలు పెట్టి మళ్ళీ చూడరా" అన్నాను. పెట్టాక వాడే చెప్పాడు: పైన ఐదో గడిలో ఇంటూ ఉంది, అటు దారి లేదు, కాబట్టి ఏడో గడే. మూడో నిలువు వరుసలో కూడా అలాగే 6, 7 గళ్ళు. అడ్డు వరుసలో పెట్టిన ఇంటూ నిలువు వరుసకు గోడ అవుతుంది. ఈ ఒక్క సంగతి పట్టుబడితే మిగిలినదంతా సులువు.

ఐదో నిలువు వరుసకు 3 2. మొదటి గడి ఇంటూ, ఐదో గడి ఇంటూ. మధ్యలో మిగిలినవి సరిగ్గా మూడు, కింద మిగిలినవి సరిగ్గా రెండు. నింపేయండి. ఇప్పుడు రెండో అడ్డు వరుసలో 4, 5 గళ్ళు నలుపు, దాని అంకె 2, పూర్తయింది, మిగతావి ఇంటూ. ఆరో నిలువు వరుసకు 2 2. ఆరో గడి నలుపు, ఐదోది ఇంటూ, కాబట్టి కింది రెండు 6, 7. పైన 1, 2 గళ్ళు ఇంటూ అయిపోయాయి, మిగిలినవి 3, 4. ఏడో అడ్డు వరుసలో 2 నుంచి 6 దాకా అయిదూ నిండాయి. మూడో అడ్డు వరుసలో 4, 5, 6 నిండి దాని 3 కూడా తీరింది.

చివరికి నాలుగో అడ్డు వరుస. అంకె 4, నిండినవి 4, 5, 6. నాలుగోది మూడో గడి కావాలి, లేదా ఏడోది. మూడో నిలువు వరుసకు ఉన్న 2 ఇప్పటికే కింద తీరిపోయింది. కాబట్టి ఏడోది.

× × × ■ × × ×
× × × ■ ■ × ×
× × × ■ ■ ■ ×
× × × ■ ■ ■ ■
× × × ■ × × ×
■ ■ ■ ■ ■ ■ ■
× ■ ■ ■ ■ ■ ×

తెరచాప ఎత్తిన పడవ. ఒక్క గడి కూడా ఊహించి వేయలేదు. ప్రతి గడికీ "ఎందుకు" అని అడిగితే జవాబు ఉంది.

నిండు వరుస లేనప్పుడు: వెసులుబాటు లెక్క

పది గళ్ళ పజిల్‌కు వస్తే పూర్తిగా నిండే వరుస తరచుగా దొరకదు. అప్పుడు ఈ లెక్క కావాలి. వరుసలోని అంకెలు కూడండి, గుంపుల మధ్య తప్పనిసరి ఖాళీలు ఒక్కొక్కటి కలపండి, వచ్చినదాన్ని గళ్ళ సంఖ్య నుంచి తీసేయండి. మిగిలినదే ఆ వరుస వెసులుబాటు, అంటే గుంపులు అటూ ఇటూ జరగడానికి ఉన్న చోటు. వెసులుబాటు కంటే పెద్ద అంకె ఏదైనా ఉంటే, ఆ గుంపులో కొన్ని గళ్ళు ఇప్పుడే ఖాయం. ఎన్ని? అంకెలోంచి వెసులుబాటు తీసేస్తే వచ్చినన్ని.

పది గళ్ళలో 7 ఉంటే వెసులుబాటు 3. ఏడులోంచి మూడు పోతే నాలుగు. ఎడమ చివరకు జరిపితే 1 నుంచి 7, కుడి చివరకు జరిపితే 4 నుంచి 10. రెండింట్లోనూ ఉన్నవి 4, 5, 6, 7. ఆ నాలుగూ నలుపే.

ఇప్పుడు "4 3" తీసుకోండి. 4, 3, మధ్య ఖాళీ 1, మొత్తం 8. వెసులుబాటు 2.

ఎడమకు: ■ ■ ■ ■ □ ■ ■ ■ □ □
కుడికి: □ □ ■ ■ ■ ■ □ ■ ■ ■

నాలుగు గళ్ళ గుంపులో 4 − 2 = 2 గళ్ళు ఖాయం, అవి 3, 4. మూడు గళ్ళ గుంపులో 3 − 2 = 1 గడి ఖాయం, అది 8. ఇక్కడ కాస్త ఆగండి. ఆరో గడి చూడండి, పైనా కిందా రెండింట్లోనూ నలుపే. మా మేనల్లుడు దాన్ని కూడా నింపేశాడు. అది తప్పు. పై లైనులో ఆరో గడి మూడు గుంపుది, కింది లైనులో నాలుగు గుంపుది. గుంపులు మధ్యలో ఆగితే, అంటే 2 నుంచి 5, 7 నుంచి 9 అయితే, ఆరో గడి ఖాళీ. ఒక గుంపు తన మీద తాను పడే గళ్ళే ఖాయం, పక్క గుంపు మీద పడేవి కావు. ఈ పొరపాటు ఎంత మామూలో చెప్పలేను. పజిల్ సగంలో చిక్కుబడినప్పుడు నేను మొదట వెతికేది దీన్నే.

"2 1 4" కూడా మీరే వేసి చూడండి. వెసులుబాటు 1. రెండో గడి, ఇంకా 7, 8, 9 గళ్ళు రావాలి. మధ్యలోని 1 గురించి ఇప్పుడే ఏమీ చెప్పలేం.

పజిల్ మొదలుపెట్టగానే పెద్ద అంకెలున్న వరుసలన్నిటికీ ఈ లెక్క చేయండి, అడ్డుగానూ నిలువుగానూ. తర్వాత ఇంటూలు పడేకొద్దీ వరుస పొడవు తగ్గుతుంది, వెసులుబాటూ తగ్గుతుంది. పదిలో 4కు మొదట ఏమీ ఖాయం కాదు. కానీ అటూ ఇటూ ఇంటూలు పడి ఆరు గళ్ళే మిగిలితే వెసులుబాటు 2, మధ్య రెండూ ఖాయం. అందుకే ఒకసారి చూసి వదిలేసిన వరుసను మళ్ళీ మళ్ళీ చూడాలి.

అంచులు, గోడలు, ఇరుకు సందులు

అంచు మంచి చోటు. నిలువు వరుస మొదటి అంకె 4, పైగడి నలుపు అయితే, కిందికి నాలుగూ నింపి ఐదో దానికి ఇంటూ పెట్టేయండి. ఇంటూ పడిన చోటు కూడా అంచులాంటిదే, గోడ పక్కన గుంపు మొదలైతే అదే పద్ధతి.

మొదటి అంకె 3 అనుకుందాం, నాలుగో గడి నలుపు అని తెలిసింది. అప్పుడు మొదటి గడికి ఇంటూ. ఎందుకంటే మొదటి గుంపు 1, 2, 3 గళ్ళలో ఉంటే నాలుగో నలుపు దానికి తగిలి గుంపు నాలుగైపోతుంది. చాలా చిన్న సంగతి, కానీ నిలువు వరుసకు అది ఒక గోడను ఇస్తుంది. నాకు బాగా ఇష్టమైన ఎత్తు ఇదే.

వరుసకు ఒకే ఒక 5 ఉండి, 3, 6 గళ్ళు నలుపని తేలితే, మధ్యలోని 4, 5 కూడా నలుపే. నాలుగు నిండాయి, ఐదోది 2 కావాలి, లేదా 7. అంటే 1వ గడికి, 8 నుంచి 10 దాకా అన్నిటికీ ఇంటూ. గుంపు చేయి చాచినా అందని గళ్ళన్నీ ఖాళీయే.

ఇరుకు సందులు కూడా గమనించండి. వరుస అంకెలు "4 3". రెండు ఇంటూల మధ్య రెండే గళ్ళున్నాయి. అక్కడ ఏ గుంపూ పట్టదు. రెండింటికీ ఇంటూ. అలాగే "1 3 1"లో ఎక్కడైనా వరసగా మూడు నలుపులు కనిపిస్తే అవే ఆ 3, రెండు పక్కలా ఇంటూ. "2 2"లో ■ □ ■ అని కనిపిస్తే మధ్య గడి ఇంటూ, నింపితే మూడు గుంపు అయిపోతుంది, అలాంటి అంకె అక్కడ లేదు.

ఇవన్నీ కంఠస్థం చేయనక్కర్లేదు. వరుసను చూసినప్పుడు రెండు ప్రశ్నలు వేసుకుంటే ఇవే బయటికి వస్తాయి: ఈ గడి ఖాళీ అయితే అంకెలు పడతాయా? నలుపైతే పడతాయా? పడకపోతే జవాబు దొరికినట్టే.

నిజంగా చిక్కుబడితే

పెద్ద పజిళ్ళలో ఒక దశలో ఏ వరుసా కదలదు. టెన్షన్ పడి ఏదో ఒక గడి నింపేయాలనిపిస్తుంది. వద్దు. ముందు అంకెలు పూర్తయిన వరుసల్లో ఇంటూలన్నీ పడ్డాయో లేదో చూడండి. పదింట ఎనిమిదిసార్లు నాకు దారి అక్కడే దొరుకుతుంది.

అప్పటికీ కదలకపోతే అంచు పక్కన రెండు వరుసలను కలిపి చూడండి. మొదటి అడ్డు వరుసకు 4, రెండో అడ్డు వరుసలో పెద్ద అంకె 2 అనుకుందాం. నిలువు వరుస మొదటి అంకె 2 కానీ అంతకంటే ఎక్కువ కానీ అయితే, దాని పైగడి నలుపైన వెంటనే రెండో గడి కూడా నలుపు కావాలి. అలాంటి నిలువు వరుసలు మూడు పక్కపక్కనే ఉన్న చోట ఆ 4ను పెడితే, రెండో అడ్డు వరుసలో మూడు నలుపులు వరసగా పడతాయి. దానికి వీల్లేదు. కాబట్టి 4 అక్కడ ఉండదు. అది ఉండగల చోట్లు ఒకటి రెండుకు తగ్గిపోతాయి.

ఇది ఊహ కాదు. "ఇలా అయితే ఏమవుతుంది" అని మనసులో చూసి, కుదరదని తేలిన దానికి ఇంటూ పెడుతున్నాం. కుదిరినంత మాత్రాన నింపకూడదు. కుదరనిది తీసేయడం మాత్రమే మనకు హక్కు. 1996లో ఉయెదా, నగావో అనే జపాన్ పరిశోధకులు, ఎంత పెద్ద నోనోగ్రామ్‌కైనా పనిచేసే వేగమైన పద్ధతి దొరకడం చాలా కష్టమని గణితం ప్రకారం నిరూపించారు. ఎన్‌పీ-కంప్లీట్ అనే తరగతి అది, అంటే అన్ని సందర్భాల్లోనూ వేగంగా తేల్చే పద్ధతి ఇంతవరకూ ఎవరికీ దొరకని లెక్కల తరగతి. కానీ పత్రికల్లో, పుస్తకాల్లో వచ్చేవి మనుషులు పూర్తిచేయడానికి తయారుచేసినవి. వాటిలో ఎక్కడో ఒక వరుసలో దారి ఉంటుంది, మనం చూడలేదంతే.

తప్పు జరిగిందని ఎలా తెలుస్తుంది? ఒక వరుసలో నలుపులు అంకెలకు మించిపోతాయి, లేదా గుంపు పట్టే చోటు మిగలదు. అప్పుడు ఆ ఒక్క వరుసను సర్దడానికి చూడకండి. తప్పు అక్కడ బయటపడింది గానీ, పుట్టింది వేరే చోట. నేను పెద్ద పజిల్ అయితే మధ్యమధ్యలో ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకుంటాను. చిక్కుబడితే చివరి ఫొటో దాకా చెరిపేసి, అక్కడి నుంచి మళ్ళీ వస్తాను. ఫోన్ యాప్‌లో ఆడేవాళ్ళు తప్పు గడి నొక్కగానే ఎర్రగా చూపించే సెట్టింగ్ ఉంటే తీసేయండి. అది ఉంటే చేయి కారణం వెతకడం మానేసి నొక్కి చూడటం అలవాటు చేసుకుంటుంది.

దీని చుట్టాలు రెండు

నోనోగ్రామ్ చేయి తిరిగాక, జపాన్ పజిల్ పత్రిక నికోలి ద్వారా పేరొచ్చిన నురికాబే, హితోరి చూడండి. అవీ గళ్ళు నలుపు చేసేవే, కానీ బొమ్మ రాదు.

నురికాబేలో ప్రతి అంకే ఒక తెల్ల ద్వీపం, అంకె ఎంతో అన్ని తెల్ల గళ్ళు. ద్వీపాలు పక్కపక్కన తగలకూడదు, నలుపంతా ఒకే నదిలా కలిసి ఉండాలి, ఎక్కడా రెండుకు రెండు నల్ల చదరం రాకూడదు. 1 చుట్టూ నాలుగు వైపులా నలుపు, మూలమూలగా ఉన్న రెండు అంకెలకు ఉమ్మడిగా తగిలే రెండు గళ్ళూ నలుపు. మొదలుపెట్టడానికి ఇవి చాలు.

హితోరిలో పలక నిండా అంకెలుంటాయి. ఏ వరుసలోనూ ఒకే అంకె రెండుసార్లు మిగలకుండా కొన్ని నలుపు చేయాలి. నల్ల గళ్ళు పక్కపక్కన తగలకూడదు, తెల్లవి విడిపోకూడదు. ఒకే అంకె వరసగా మూడుసార్లు ఉంటే మధ్యది తెలుపు, అటూ ఇటూ నలుపు. ఒక గడికి రెండు పక్కలా ఒకే అంకె ఉంటే ఆ మధ్య గడి తెలుపు. ఇక్కడ కూడా "ఇది తెలుపే" అని గుర్తు పెట్టుకోనివాళ్ళు త్వరగా దారి తప్పుతారు.

ఇప్పుడు మీ వంతు

ఏడు అడ్డు వరుసలు, ఎనిమిది నిలువు వరుసలు. గళ్ళ నోటులో గీసుకోండి.

అడ్డు వరుసలు, పై నుంచి: 2 / 4 1 / 1 5 / 7 / 7 / 4 1 / 2
నిలువు వరుసలు, ఎడమ నుంచి: 1 / 3 / 1 3 / 7 / 7 / 5 / 3 / 2 2

రెండు వైపులా కూడండి, 34 రావాలి. నిండు వరుసలు రెండున్నాయి, వాటితో మొదలుపెట్టండి. వెంటనే పైనా కిందా ఉన్న అడ్డు వరుసలు తీరిపోతాయి. అక్కడ ఇంటూలన్నీ పెట్టాకే ముందుకు వెళ్ళండి. అప్పుడు నిలువు వరుసల్లో ఏడు గళ్ళకు బదులు అయిదే మిగులుతాయి, 1 3, 5, 2 2 మూడూ ఆ అయిదులో సరిగ్గా పడతాయి. చివర్లో మూడో అడ్డు వరుసలోని 1 ఎక్కడ పడాలో తేల్చడానికి మొదటి నిలువు వరుసను చూడాలి.

అంతా అయ్యాక మూడో అడ్డు వరుసలో మూడో గడి ఇంటూగా మిగలాలి. బొమ్మకు కన్ను అదే.